మాన్‌హైమ్ ఊరా, మనిషా? ఇంటిపేరు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం. ఎంఏ సోషియాలజీకి తెలుగులో చదువుకుంటున్నాను. సీనియర్ దగ్గర తెచ్చుకున్న జిరాక్స్ నోట్సులో సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మాన్‌హైమ్ గురించి 'కార్ల్ మాన్‌హైమ్ జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టాడు' అని ఉంది. కింద పెన్నుతో రెండు గీతలు కూడా! నేనూ అదే బట్టీ పట్టి ఇంటర్నల్స్‌లో రాసేసి ఒక మార్కు పోగొట్టుకున్నాను.

తర్వాత వెతికితే ఆయన పుట్టింది 1893లో బుడాపెస్ట్‌లో అట. హైడెల్‌బర్గ్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలు చెప్పి, 1933లో నాజీలు ఉద్యోగం తీసేస్తే లండన్ వెళ్లి అక్కడే 1947లో పోయారు. మాన్‌హైమ్ ఊరేమో రైన్, నెకార్ నదులు కలిసే చోట ఉంది. నడిబొడ్డున వీధులకు పేర్లుండవట, చదరంగం గళ్లలా విడగొట్టి అక్షరం, అంకెలతో చిరునామా రాస్తారట. ఆయన పాఠాలు చెప్పిన హైడెల్‌బర్గ్ కూడా అదే నెకార్ ఒడ్డున, ఈ ఊరి పక్కనే ఉంటుంది. నోట్సు రాసినవాళ్లు అందుకే పొరబడ్డారేమో.

నా ప్రశ్నలు: మనకు తెనాలి, బెజవాడ ఇంటిపేర్లయినట్టు, ఈయన పూర్వీకులది ఆ ఊరేనా? లేక ఈయనలాంటి యూదు కుటుంబాల్లో ఊరి పేర్లు పెట్టుకోవడానికి వేరే కారణం ఉందా?

ఇంకోటి. తరాల మీద ఆయన 1928 వ్యాసంలో ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒకే తరం అయిపోరని, ఒకే తరంలోనూ వేర్వేరు 'యూనిట్లు' (ఒకే అనుభవాలకు వేర్వేరుగా స్పందించే గుంపులు) ఉంటాయని అంటారు. ఈ 'జనరేషన్ యూనిట్'ని తెలుగులో ఏమనాలి? 'తరపు వర్గం' అని రాస్తే మా సార్ నవ్వారు. జర్మన్ వచ్చినవాళ్లు కాస్త చెప్పరూ?