గోదావరి లంకల్లో నాలుగు రోజులు: తక్కువ ఖర్చుతో, తొందర లేకుండా ఎలా గడపాలి?

తీరిక బాట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య, 68 ఏళ్ళ మా అమ్మ కలిసి కోనసీమ లంకల్లో నాలుగు రోజులు ఉండి రావాలనుకుంటున్నాము. మేము హైదరాబాదులో ఉంటాము. అమ్మది పల్నాడు. ఆమె జీవితమంతా మిరప, పత్తి పండే మెట్ట పొలాల మధ్యనే గడిచింది. నాలుగు వైపులా నీళ్ళున్న ఊళ్ళో ఒక్క పూటైనా ఉండాలని ఎన్నో ఏళ్ళుగా అంటోంది కానీ, ఏదో ఒక కారణంతో మేమే వాయిదా వేస్తూ వచ్చాము.

రైలు టికెట్లు కాకుండా 12,000 రూపాయలు పక్కన పెట్టుకున్నాము. నేను కనుక్కున్న చోటల్లా కారు మాట్లాడుకుని రెండు రోజుల్లో పది గుళ్ళు, రెండు బీచిలు చుట్టి రమ్మంటున్నారు. మాకు అటువంటి ప్రయాణం వద్దు. ఉదయం కాసేపు ఏటి ఒడ్డున కూర్చుని, మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు తీసి, సాయంత్రం వీలైతే ఒక చోటికి వెళ్ళి వస్తే చాలు. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది. నిదానంగా నడవగలదు గానీ ఎత్తైన మెట్లు ఎక్కలేదు.

ఆగస్టు 15 చుట్టూ కలిసి వచ్చే సెలవులలో బయలుదేరాలన్నది మా ఆలోచన. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, కారు లేకుండా బస్సుల మీద తిరగగలమా, హౌస్‌బోటు మీద అంత ఖర్చు పెట్టడం అవసరమా అన్న విషయాలు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

వశిష్ఠ ఒడ్డు

అయ్యా, ముందుగా నెల మార్చుకోండి. తక్కినవన్నీ తరువాత మాట్లాడుకోవచ్చు.

మాది రాజోలు వైపు. జులై నుంచి సెప్టెంబరు దాకా మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిసిన వానంతా ధవళేశ్వరం దాటి మా పక్కనుంచే సముద్రంలోకి పోవాలి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక అంటేనే పది లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వస్తున్నట్టు లెక్క. చాకలిపాలెం, కనకాయలంకల మధ్య ఉన్న కాజ్‌వే వంటి పల్లపు దారులు ఏటా వరద రోజుల్లో నీట మునుగుతాయి. అప్పుడు లంక గ్రామాలవారు పాలకూ, మందులకూ, బడికీ పడవ మీదనే రావలసి ఉంటుంది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు మా వీధిలో మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. 1986 ఆగస్టు వరదను చూసిన మా నాన్నగారు, ఇప్పటికీ ఆ నెల వచ్చిందంటే రోజూ తెల్లవారుజామున ఏటిగట్టు మీదికి వెళ్ళి నీటి రంగు చూసి వస్తారు. అటువంటి సమయంలో పెద్దావిడను వెంటబెట్టుకుని విశ్రాంతి కోసం రావడం మంచిది కాదు.

ఏప్రిల్, మే నెలలూ వద్దు. దాళ్వా (రెండవ పంట) వరి పని అయ్యాక కాలువలు కట్టేస్తారు. నీరు లేని కాలువ పక్కన కోనసీమను చూస్తే మీకు సగం కూడా కనపడదు. పైగా ఉక్కపోత భరించలేము. నవంబరులో తుఫాను భయం ఉంటుంది. కాబట్టి డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు రండి. కాలువలు నిండుగా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది, ఉదయం పూట కొబ్బరి తోటల్లో పొగమంచు పడుతుంది. అయితే ఆ రోజుల్లోనూ రెండు సందర్భాలను తప్పించుకోవాలి. సంక్రాంతికి ఎక్కడెక్కడి వాళ్ళూ సొంత ఊళ్ళకు వస్తారు గనుక గదులు దొరకవు, బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద చేరే తీర్థం నిజంగా చూడదగినదే. గంగలకుర్రు ప్రభలను నీళ్ళు నిండిన కౌశిక కాలువలోంచి భుజాల మీద దాటించడం చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఆ జనంలో చాలా ఇబ్బంది అవుతుంది. రెండవది భీష్మ ఏకాదశి, అంటే అంతర్వేది నరసింహస్వామి కల్యాణం జరిగే రోజులు.

ఇక ఊళ్ళ అమరిక. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి కింద మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే కోనసీమ. వైనతేయకు పడమరన రాజోలు, తూర్పున అమలాపురం ఉంటాయి. అమలాపురానికి ఇంతవరకు రైలు రాలేదు. చాలామంది రాజమండ్రిలో దిగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్తారు. నా సలహా ఏమిటంటే, మీరు పడమర నుంచి లోపలికి వచ్చి తూర్పు నుంచి బయటికి వెళ్ళండి. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన మీదుగా వశిష్ఠను దాటితే ఆ ఒడ్డునే దిండి వస్తుంది. మొదటి రెండు రాత్రులు దిండిలోనో రాజోలులోనో, తరువాతి రాత్రులు అమలాపురంలో ఉండండి. చివరి రోజున ముక్తేశ్వరం రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి గౌతమిని దాటి కోటిపల్లిలో దిగితే, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రాజమండ్రి చేరుకుని రాత్రి రైలు పట్టుకోవచ్చు. వెళ్ళిన దారిలో మళ్ళీ రావలసిన అవసరం ఉండదు, మూడు పాయలూ దాటినట్టు అవుతుంది.

పల్లెవెలుగు ప్రయాణం

పైన చెప్పినవారి మాటను నేనూ బలపరుస్తున్నాను. మేము మా అత్తగారితో, పదేళ్ళ మా అబ్బాయితో కలిసి మొన్న జనవరి చివరిలో ఇంచుమించు ఇదే దారిలో వెళ్ళి వచ్చాము. రైలు కాకుండా మా నలుగురికీ నాలుగు రోజులకు పదకొండు వేల లోపే అయింది. అందులో సగం పైగా గదులకే పోయింది.

ఎక్కువ ఖర్చు పెట్టదలిస్తే ఒక్క రాత్రికే పెట్టండి, అది దిండిలో పెట్టండి. అక్కడ పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు సరిగ్గా వశిష్ఠ ఒడ్డున ఉంటుంది. గది వసారాలో కుర్చీ వేసుకుంటే ఏరు కనపడుతుంది. మా అత్తగారు ఒక రోజంతా అక్కడే కూర్చున్నారు. తక్కిన రాత్రులకు అమలాపురం బస్టాండుకు దగ్గరలో సాధారణమైన లాడ్జి సరిపోతుంది. కింది అంతస్తులో గది కావాలని ముందే ఫోనులో అడగండి, ఎందుకంటే చాలా లాడ్జీలలో లిఫ్టు ఉండదు. హౌస్‌బోటు మాత్రం మీ బడ్జెట్‌లో కుదరదు, కుదిరినా నేను వద్దనే అంటాను. ఒక గంట మామూలు బోటులో తిరిగితే ఆ ఆనందం దాదాపు అంతా దొరుకుతుంది, మిగిలిన డబ్బుతో మీరు ఇంకొక రోజు ఉండవచ్చు.

కారు అక్కర్లేదు. పాలకొల్లు, రాజోలు, అమలాపురం మధ్య బస్సులు బాగానే తిరుగుతాయి, పల్లెలకు షేర్ ఆటోలు ఉంటాయి. మీ అమ్మగారి ఆధార్‌లో పల్నాడు చిరునామాయే ఉంటే దాన్ని మరిచిపోకుండా తీసుకురండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. మీ భార్యకు తెలంగాణ చిరునామా ఉంటే మాత్రం టికెట్ తీసుకోవాలి. మా ఇంట్లో అత్తగారికి ఉచితం, నాకు టికెట్ అయ్యేసరికి ఆవిడ ప్రతి బస్సులోనూ ఎంతో సంతోషించారు.

తిండి గురించి ఒక మాట. అంబాజీపేట వైపు వెళ్ళినప్పుడు ఉదయం పూట పొట్టిక్కలు అడగండి. పనస ఆకులతో బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది, పెద్దవాళ్ళకు తేలికగా అరుగుతుంది. మధ్యాహ్నం మెస్సులలో పనసపొట్టు కూర, కంద బచ్చలి దొరికిన రోజున వేరే ఏమీ అడగవద్దు. పులస గురించి ఎవరైనా ఊరిస్తే నమ్మవద్దు. అది ఎర్రనీటికి ఎదురీది వచ్చే చేప, వరద నెలల్లోనే దొరుకుతుంది. శీతాకాలంలో పులస అని పెట్టేది పులస కాదు.

తీరిక బాట

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఆగస్టు ఆలోచన పూర్తిగా మానుకున్నాము. డిసెంబరు రెండవ వారానికి మార్చుకుంటున్నాము. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. అంతర్వేది అమ్మకు చూపించాలని ఉంది. ఒక పూటలో వెళ్ళి రాగలమా? అలాగే, వంతెన లేని, పడవ మీద మాత్రమే వెళ్ళగలిగే అసలైన చిన్న లంకకు ఒకదానికి వెళ్ళడం క్షేమమేనా?

ఏటిగట్టు

రెండవ ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించిన విషయం. 2018 జులై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ బోల్తా పడి బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలు గల్లంతయ్యారు. కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి పడవ తగలడం వల్ల జరిగిన ప్రమాదం అది. ఆ ఊళ్ళ వాళ్ళకు పడవ వినోదం కాదు, వేరే దారి లేక ఎక్కుతారు. మీరు మాత్రం ఎంచుకుని ఎక్కుతున్నారు గనుక, ఎక్కకుండా ఉండే వీలు కూడా మీకుంది. నీరు ప్రశాంతంగా ఉన్న డిసెంబరులో, పగటి పూట, లైఫ్ జాకెట్ ఇచ్చే పడవైతేనే ఎక్కండి. పడవలో మనుషులు, మోటారు సైకిళ్ళు కిక్కిరిసి ఉంటే తరువాతి పడవ కోసం ఆగండి. చీకటి పడిన తరువాత ఎంత దగ్గరి రేవైనా సరే, దాటవద్దు.

మీ అమ్మగారిని దృష్టిలో పెట్టుకుంటే నాటు పడవ కన్నా పంటు ఎంతో మేలు. పంటు అంటే బల్లకట్టు వంటి పెద్ద వాహనం. దాని మీదికి ఆటోలు, కార్లు కూడా ఎక్కుతాయి. ఒడ్డు నుంచి పలక మీదుగా నేరుగా నడిచి ఎక్కవచ్చు, దూకవలసిన పని ఉండదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద తిరిగే పంటు మీకు అంతర్వేది ప్రయాణంలోనే కలిసి వస్తుంది. పాలకొల్లులో దిగే బదులు నేరుగా నరసాపురం దాకా రైల్లో వచ్చి, ఉదయం పూటనే పంటు ఎక్కి, సఖినేటిపల్లి నుంచి బస్సులోనో ఆటోలోనో అంతర్వేది వెళ్ళండి. స్వామి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి రాజోలు మీదుగా దిండి చేరుకోవచ్చు. ఇలా చేస్తే అంతర్వేది కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించనక్కర్లేదు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు గుడికి కొంచెం దూరంలో ఉంటుంది. ఇసుకలో ఎక్కువ నడవాలి గనుక అక్కడికి ఆటో ఎంత దగ్గరగా వెళ్తే అంత దాకా వెళ్ళి, అమ్మగారిని కూర్చోబెట్టి చూపించండి. సంగమంలో స్నానానికి దిగవద్దు. పోటు, పాటు మారే వేళల్లో అక్కడి లోతూ లాగుడూ ఈత వచ్చినవారికి కూడా అంతు పట్టవు.

ఇంకొక చోటు తప్పక చూడమని అడుగుతున్నాను, ఎందుకంటే దాని గురించి ఎవరూ చెప్పరు. రాజోలు వైపు నుంచి పి. గన్నవరం వెళ్ళి అక్విడెక్టు దగ్గర దిగండి. కింద వైనతేయ పారుతూ ఉంటే, దాని మీదుగా ఒక కాలువను నగరం అనే ఊరి వైపు పొలాలకు దాటించడానికి 1850లలో కాటన్ దొర కాలంలో కట్టిన వారధి అది. పక్కనే కొత్తది కట్టారు, పాతది ఇప్పటికీ నిలిచి ఉంది. మెట్ట నేలలో నీటి చుక్క కోసం ఎదురుచూస్తూ వ్యవసాయం చేసిన మీ అమ్మగారికి, ఏటి మీదుగా కాలువ పోవడం అంటే ఏమిటో మనకన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

వశిష్ఠ ఒడ్డు

ఏటిగట్టు గారు చెప్పిన నరసాపురం దారి నేను చెప్పినదానికన్నా బాగుంది, అదే చేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. రాత్రి రైల్లో నిద్ర సరిగా పట్టదు గనుక, స్టేషనులో దిగిన వెంటనే రేవుకు పరుగెత్తకుండా నరసాపురంలో టిఫిను చేసి, గంటసేపు కూర్చుని కదలండి. ఏటిలో నీరు తగ్గినప్పుడు రేవు దగ్గర ఒడ్డు వాలుగా, బురదగా ఉంటుంది. అమ్మగారికి వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. పంటులో కూర్చోవడానికి అందరికీ చోటు ఉండదు. అందుకని ఆటో మాట్లాడుకుని ఆటోతో సహా పంటు ఎక్కితే, ఆవిడ ఆటోలోనే కూర్చుని ఏరు దాటవచ్చు. ఆటో అతనితో సఖినేటిపల్లి వరకు కాకుండా అంతర్వేది వరకు కలిపి ముందే బేరం చేసుకోండి.