స్పీడ్ చలాన్ కట్టడం ఆలస్యమైతే లేట్ ఫీజు వేయాలా?

కూకట్‌పల్లి కారు:
హైదరాబాద్‌లో స్పీడ్ చలాన్ అంటే జరిమానా 1,000, యూజర్ ఛార్జీ 35. ఏడాది నానబెట్టినా అదే 1,035. పైగా ఆగినవాడిదే లాభం. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26న మళ్లీ తలుపులు తెరిచి ఆ తగ్గింపును 80, 60 శాతం చేశారు. జనవరి 10తో ముగియాల్సింది ఫిబ్రవరి 15 దాకా సాగింది. వెంటనే కట్టిన బైకువాడికి వెయ్యి, ఎగ్గొట్టినవాడికి 200! నెల దాటితే నెలకో వంద వేస్తే తప్పేంటి?

పాతబండి:
చలాన్ అసలు మనిషికి అందితే తప్పు లేదన్నా. మెసేజ్ వెళ్లేది ఆర్టీఏ రికార్డులో ఉన్న నంబరుకి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం బండి అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. జరిగేదేంటి? యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి, తేదీ రాయకుండా సొరుగులో పడేస్తారు. బండి మూడు చేతులు మారినా చలాన్లు మొదటివాడి పేరునే. ఆరుంటే 6,210. మీ లెక్కన నెలనెలా ఇంకో 600. పాత స్కూటరైతే బండినే వదిలేస్తారు.

లేజర్‌గన్:
కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో తెచ్చిన 167ఏ చూడండి. కెమెరా ఆధారంగా వేస్తే 15 రోజుల్లో నోటీసు పంపాలి, పరికరానికి ఏటా సర్టిఫికెట్ రెన్యువల్ కావాలి. కాబట్టి ఫీజు పెడితే గడువు నోటీసు అందిన రోజు నుంచే లెక్కించాలి.

కట్టే ముందు ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి ఫోటో తెరవండి. ఫ్రేములో రెండు బండ్లుంటే స్పీడ్ గన్ గురి దేనిమీద ఉందో చూడండి. ప్లేటులో 8, 3 తారుమారవుతాయి. రంగు, మోడల్ కలవకపోతే ఎవరో మీ నంబరు తగిలించుకు తిరుగుతున్నట్టే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదైతే లేన్ ముఖ్యం: మొదటి రెండింట్లో 120 దాకా వెళ్లొచ్చు, మూడు నాలుగుల్లో 80 దాటకూడదు. 110కి చలాన్ పడితే ఫోటోలో లేన్ కనబడి తీరాలి.

కూకట్‌పల్లి కారు:
అభ్యంతరం పెట్టగానే ఫీజు ఆగాలి, ఒప్పుకుంటా. ఎగవేతదారుల సంగతి?

పాతబండి:
ముందు ఆ డిస్కౌంట్లు ఆపమనండి. అవి ఉన్నన్నాళ్లూ మీ వంద కూడా వాటిలోనే కొట్టుకుపోతుంది.