వడ్ల కేంద్రంలో ఎండకు మధ్యాహ్నం కాంటా (తూకం) ఆపడం ఎట్లా? ఎవరూ వినడం లేదు

తిప్పర్తి అక్క

అందరికీ నమస్తే. మాది తిప్పర్తి దగ్గర ఒక ఊరు. గ్రామ సంఘం తరఫున యాసంగి వడ్ల కొనుగోలు కేంద్రాన్ని నేను, ఇంకో ఇద్దరు అక్కలు చూసుకుంటాం. నాకిది నాలుగో సీజన్. తేమ మిషన్, ట్రక్ షీట్, ట్యాబ్‌లో ఎంట్రీ అన్నీ అలవాటైపోయాయి. నా టెన్షన్ వేరే.

పోయిన మే నెలలో మా దగ్గర ఒక హమాలీ పడిపోయాడు. నలభై కిలోల బస్తా భుజం మీద ఉండగానే. అంతకుముందు అరగంట నుంచి ఆయన బస్తాల లెక్క తప్పుతున్నాడు. నలభై రెండు తర్వాత మళ్లీ ముప్పై తొమ్మిది అన్నాడు. "ఏం మామా, పొద్దున్నే కల్లు పడ్డదా" అని అందరం నవ్వాం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన బతికాడు కానీ బస్తా మోసే పని ఇక చేయలేకపోతున్నాడు. ఇప్పుడు మేకలు కాస్తున్నాడు.

నాకు అర్థం కానిది ఇంకొకటి. ఆ రోజు ఎండ అంత ఎక్కువ కూడా లేదు. ముందు రోజు సాయంత్రం గాలివాన వచ్చి సగం కుప్పలు తడిసినయి. మర్నాడు ఫోన్‌లో 39 చూపించింది. దానికి ముందు వారమంతా 44 ఉంటే ఎవరికీ ఏమీ కాలేదు.

ఈసారి టెంటు వేయించాం, కుండలు పెట్టాం, మా ఇంటి నుంచే సల్ల తెస్తున్నాను. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా చెల్లె ఇచ్చింది. పన్నెండు నుంచి నాలుగు దాకా కాంటా ఆపుదామంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. హమాలీలది బస్తా లెక్కన కూలి, ఆగితే డబ్బు పోతుంది. రైతులేమో కుప్ప పోసి పది రోజులైంది, మళ్లీ మబ్బు పడితే మా గతేమిటి అంటారు. వాళ్లనీ అనలేను. కేంద్రంలో తీసుకోవాలంటే వడ్ల తేమ 17 శాతానికి దిగాలి, దానికి ఆ ఎండే కావాలి మరి. మీ ఊళ్లలో ఎవరైనా ఆపగలిగారా?

హమాలీ కొడుకు, మిర్యాలగూడ

అక్కా, మా నాయన ముప్పై ఏళ్లు మోసిండు. మీరు కాంటా ఆపుతామంటున్నారు, అసలు చంపేది లారీ. కాంటా నేల మీద పని, మధ్యమధ్యలో కూర్చోవచ్చు. లోడింగ్ అట్లా కాదు. ఆరు వందల బస్తాలు చెక్క మీది నుంచి ఎక్కాలి, పైన రేకు బాడీ కాలుతుంటుంది. ఆ లారీ ఎప్పుడొస్తది? పొద్దుట మిల్లు దగ్గర ఖాళీ చేసుకుని మన దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఒంటి గంట. డ్రైవర్ హారన్ కొడుతుంటాడు.

మా దగ్గర రెండేళ్ల కింద చేసింది చెప్తా. పొద్దున ఐదింటికి కాంటా మొదలు, పదకొండుకు బంద్. లారీ ఎప్పుడొచ్చినా చెట్టు కింద పెట్టుకోమన్నాం, లోడింగ్ సాయంత్రం ఐదు తర్వాతే. రెండు ఫోకస్ లైట్లు కట్టినం. హమాలీలు ఎందుకు ఒప్పుకున్నారంటే రోజు మొత్తం బస్తాలు తగ్గలేదు కాబట్టి. మొదటి వారం లారీ వాళ్లతో లొల్లి అయింది. తర్వాత వాళ్లే రాత్రికి రావడం అలవాటు చేసుకున్నారు. డ్రైవర్లకు కూడా పగలు పడుకుంటేనే హాయి కదా.

హాలియా రైతు

ఎండలు ఎప్పుడు లేవు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాత కూడా అనేవాడు. మా చిన్నప్పుడు టెంట్లు, ప్యాకెట్లు ఎవరిచ్చారు?

రిటైర్డ్ ఏఎన్ఎం, దేవరకొండ

హాలియా అన్నా, మీ తాత రోహిణి అన్నాడు, అంటే మే చివర. ఇప్పుడు ఉగాది దాటకముందే మొదలవుతోంది. పైగా మీ తాత పడుకున్నది ఆరుబయట నులక మంచం మీద. ఇప్పుడు స్లాబు ఇంట్లో రాత్రి పన్నెండైనా గోడ వేడిగానే ఉంటుంది. రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాటి ఎండ నిన్నటి ఎండకు తోడవుతుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఎక్కువమంది ముసలివాళ్లు, కూలీలు.

తిప్పర్తి అమ్మా, నీ 39 డిగ్రీల సంగతి. వాన పడ్డ మర్నాడు గాలి నిండా తడి ఉంటుంది. చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. పైగా తడిసిన కుప్పలు తిరగేయాలని ఆ రోజే అందరూ రెండింతలు ఉరుకుతారు. పొడి ఎండ 44 కంటే అట్లాంటి రోజుకు నేను ఎక్కువ భయపడతాను.

లెక్క తప్పడం, మాట తడబడటం, ఊరికే కోపం రావడం, ఇవి కనిపిస్తే నవ్వకండి. అది తలకెక్కిన వేడి. ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అనుకునేరు, బస్తాలు మోస్తూ పడిపోయేవాళ్లకు చెమట కారుతూనే ఉంటుంది. 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు చొక్కా విప్పి నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోయండి, విసరండి. మంచు దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ల పనిచేయదు, ఇది జ్వరం కాదు.

ఇంకో మాట. కుండలు పెట్టావు సరే, వడ్లు ఊడ్చే ఆడవాళ్లు ఆ నీళ్లు తాగుతున్నారా? ఎక్కడికి పోవాలో తెలియక పొద్దుటి నుంచి గుక్కెడు కూడా తాగనివాళ్లను చాలామందిని చూశాను. మరుగుదొడ్డి లేని చోట ఎంత సల్ల పోసినా వాళ్లకు అందదు. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయించేవి) వాడేవాళ్లను కూడా ఒకసారి డాక్టరుకు చూపించు. సొంతంగా ఆపించకు.

పాలమూరు తమ్ముడు

నేను జడ్చర్ల వైపు. బిల్డింగ్ పనుల మీద తిరిగినవాణ్ని. అమ్మ చెప్పిన దానికి ఒకటి కలుపుతా. మీ దగ్గరికి బీహార్ పిల్లలు వస్తారు కదా హమాలీకి? దిగిన మర్నాడే లారీ ఎక్కించకండి. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం పైనే పడుతుంది. మా సైటులో పడిపోయినవాడు వచ్చింది మొన్ననే, వయసు ఇరవై. మొదటి నాలుగు రోజులు వాళ్లను సంచులు కుట్టే పనిలో పెట్టండి. కూలి కూడా మొత్తం కలిపి గుంపుగా పంచుకోమని చెప్పండి. ఎవరి బస్తా వాళ్లకే లెక్క అయితే ఎవడూ కూర్చోడు.

చెప్పుకోకూడని మాటే కానీ చెప్తున్నా. 2025 ఏప్రిల్‌లో మన తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోతే కుటుంబానికి నాలుగు లక్షలు. అయితే ఎండ వల్లనే అని తేలాలి. అందుకే ఏమైనా జరిగితే ఎమ్మార్వోకు, డాక్టరుకు అదే రోజు తెలియజేయండి. మా దగ్గర గుండెపోటు అనుకుని ఊరికి తీసుకెళ్లిపోయారు, తర్వాత అడగడానికి కాగితమే లేదు.

తిప్పర్తి అక్క

అందరికీ దండాలు. నిన్న రాత్రి హమాలీ మేస్త్రీని, నలుగురు రైతులను కూర్చోబెట్టాను. ఆపుదామని అనలేదు, మిర్యాలగూడ తమ్ముడు చెప్పినట్టు బస్తాలు తగ్గవు, గంటలు మారుతాయి అన్నాను. మేస్త్రీ వెంటనే తలూపాడు. రైతులు ఒక షరతు పెట్టారు. మబ్బు పడిన రోజు ఈ టైము వర్తించదంట. నేనేమో ఆ రోజే అసలు ప్రమాదం అని అమ్మ రాసింది చదివి వినిపించాను. గంట సేపు వాదించుకున్నాం. చివరికి, వాన మర్నాడు కుప్పలు తిరగేయడం రైతులే ఇంటికి ఇద్దరొచ్చి చేసుకోవాలి, హమాలీలను పిలవొద్దు అని ఒప్పుకున్నారు. మాట మీద నిలబడతారో లేదో ఆ రోజు వస్తే తెలుస్తుంది.

అమ్మా, మీరడిగింది చూసి సిగ్గేసింది. నేను కూడా కేంద్రంలో నీళ్లు తాగను. ఇంటికి పోయాకే తాగుతాను. అది ఇన్నాళ్లూ నాకే తట్టలేదు.

కేంద్రం పక్కనే బడి ఉంది, సెలవులు కాబట్టి మరుగుదొడ్లకు తాళం. పొద్దున సారుకు ఫోన్ చేస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పాడు, తెచ్చుకున్నాను. ట్యాంకులో నీళ్లు లేవు, మోటారు కాలిపోయిందట. ట్రాక్టరు ట్యాంకరు కోసం మా మరిదిని అడిగాను, రేపు పొద్దున తెస్తానన్నాడు.