పోటీ చానెల్ ముందే వేసేస్తే మనం ఆగాలా?

ప్రశ్న – జర్నలిజం విద్యార్థిని:
ప్రమాద మృతుల కుటుంబాలకు కబురు అందిందో లేదో తెలియకముందే మరో చానెల్ పేర్లు ప్రసారం చేస్తే, మనం కూడా వేయాలా? ఆగితే వెనకబడ్డామంటారు, తొందరపడితే బాధ్యత లేదంటారు.

జవాబు – డెస్కు మిత్రుడు:
ఆగాలి. 2008 నవంబరులో ముంబయిపై దాడులు సాగుతుండగా చానెళ్లు భద్రతా దళాల కదలికలను ప్రత్యక్షంగా చూపించాయి. పాకిస్తాన్ నుంచి ఉగ్రవాదులను ఫోనులో నడిపిస్తున్నవారు ఆ ప్రసారాలను చూస్తూ సూచనలిచ్చారని, 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చానెళ్లను తీవ్రంగా తప్పుపట్టింది. ఉగ్రవాద వ్యతిరేక చర్య ముగిసేదాకా నియమిత అధికారి అప్పుడప్పుడు ఇచ్చే సమాచారానికే ప్రసారాన్ని పరిమితం చేస్తూ, 2015లో కేబుల్ టెలివిజన్ నిబంధనలను సవరించారు. మనంతట మనం ఆగి ఉంటే ఆ సవరణ అవసరమయ్యేదా అన్నది నా అనుమానం.

జవాబు – జిల్లా విలేకరి:
నిబంధన ఒక్కటే చాలదండీ. అత్యాచార బాధితురాలి గుర్తింపును వెల్లడించరాదని అప్పట్లో అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ చెప్పినా, 2019లో హైదరాబాద్ శివార్లలో హత్యకు గురైన యువ పశువైద్యురాలి పేరు, ఫొటో విస్తృతంగా ప్రసారమయ్యాయి. పోలీసులు ‘దిశ’ అని పిలవాలని కోరేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మొదట అది అదృశ్యం కేసుగానే వచ్చిందన్న వాదన ఉంది. కానీ అత్యాచారమని తేలాక కూడా ఫొటో తీసేయనివారికి ఆ వాదన వర్తించదు.

విద్యార్థిని:
అయితే ‘అధికారులు తెలిపారు’ అని చేరిస్తే సరిపోతుందా?

డెస్కు మిత్రుడు:
సరిపోదమ్మా. ఏ అధికారి, ఎవరికి, ఎప్పుడు తెలిపారో మీరే అడగాలి.