ప్లేక్ క్లియర్‌గా వస్తే ఫేజ్ మంచిదేనా? జీనోమ్ కూడా చూడాలా?

మైక్రో_గుంటూరు:
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, ఆఖరి సెమిస్టర్. పెదకాకాని దగ్గర మా మామయ్య వాళ్ల ముర్రా గేదెకి పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడి, పాలు విరిగినట్టు ముక్కలుగా పడుతున్నాయి. అందులో స్టాఫైలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) అనే బ్యాక్టీరియా దొరికింది. గొడ్ల చావిడి పక్క మురుగునీళ్లు వడకట్టి చూస్తే దాన్ని చంపే ఫేజ్ (బ్యాక్టీరియాని పట్టే వైరస్) కూడా దొరికింది. ప్లేకులు, అంటే బ్యాక్టీరియా పొరలో ఫేజ్ చంపిన చోట పడే మచ్చలు, చాలా క్లియర్‌గా ఉన్నాయి. మసకగా ఉంటేనే టెంపరేట్ (బ్యాక్టీరియాలో దాక్కోగలిగేది), నీది లైటిక్ (దాక్కోకుండా చంపేసేది) అని సీనియర్లు అంటున్నారు. మేడమ్ మాత్రం జీనోమ్ చూడకుండా థీసిస్‌లో ఆ మాట రాయనివ్వరట. సీక్వెన్సింగ్ డబ్బులు తల్చుకుంటేనే టెన్షన్. నిజంగా అవసరమా?

బెజవాడ_ల్యాబ్:
పాలు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. మేడమ్ వైపే నేనూ.

టెంపరేట్ ఫేజ్ బ్యాక్టీరియా డీఎన్ఏలో దూరి ఊరికే కూర్చోవాలంటే రిప్రెసర్ జీన్ పని చేయాలి. అది చెడిపోయిందా, ఆ ఫేజ్ కూడా క్లియర్ ప్లేకులే ఇస్తుంది. ఈ.కోలై ఫేజ్ లాంబ్డాలో రిప్రెసర్ చెడిన సీఐ మ్యూటెంట్లు గుర్తున్నాయిగా? వేషం మారింది, మూటలో సరుకు అదే.

ఆ సరుకుతోనే గొడవంతా. స్టాఫ్ వదిలే ఎంటెరోటాక్సిన్-ఏ అనే విషం తాలూకు జీన్‌ని మోసేది ఫేజే. పాలు కాస్తే స్టాఫ్ చస్తుంది కానీ, అప్పటికే వదిలిన ఆ విషం పోదు. ఈ.కోలై ఓ157 షిగా టాక్సిన్ కూడా ఇలా ఫేజ్ ఇచ్చిందే. ఇంకోటి, కొన్ని స్టాఫ్ ఫేజ్‌లు పొరపాటున బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కల్నే తమ తలలో నింపుకుని పక్కదానికి చేరవేస్తాయి. మందులకి లొంగని జీన్లు అలా కూడా పాకుతాయి.

ముందు ఇంటిగ్రేజ్ జీన్‌కి (ఫేజ్ బ్యాక్టీరియా డీఎన్ఏలో దూరడానికి వాడేది) పీసీఆర్ చెయ్యి. వచ్చిందంటే అక్కడితో ఆపెయ్, డబ్బులు మిగిలినట్టే. రాకపోతే మాత్రం క్లీన్ చిట్ కాదు, అప్పుడే సీక్వెన్సింగ్. పెద్ద డీఎన్ఏల సైజు తేల్చే పల్స్‌ఫీల్డ్ జెల్ దొరికితే ఫేజ్ జీనోమ్ సైజు చూడు. స్టాఫ్ టెంపరేట్ ఫేజ్‌లు ఎక్కువగా 40-45 వేల బేస్ జతల దగ్గరుంటాయి, లైటిక్ అయిన ఫేజ్ కె దాదాపు 1,48,000.

కొల్లిపర_పాడి:
అదంతా సరేనయ్యా, మా గేదెకి ఈ ఫేజ్ ఎప్పుడు ఎక్కిస్తారు? పొదుగులోకి మందు ట్యూబు ఎక్కించిన ప్రతిసారీ పాలు పారబోసుకోలేక చస్తున్నాం.

బెజవాడ_ల్యాబ్:
ఇప్పట్లో కాదు బాబాయ్. ఫేజ్ కె ని పాలిచ్చే ఆవుల పొదుగులోకి ఎక్కించి చూశారు, 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చెప్పుకోదగ్గ గుణం లేదు. పచ్చిపాలలోని వే (విరుగుడు నీళ్ల) ప్రోటీన్లు స్టాఫ్ ఒంటికి అంటుకుని ఫేజ్‌ని పట్టుకోనివ్వవు. కాచిన పాలలో ఈ అడ్డు ఉండదు. గట్టిపడ్డ చన్ను ఉంటే డాక్టరుకి చూపించు, ఆలస్యం చేయకు.

తమ్ముడూ, నీ ఫేజ్‌ని ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచే బ్రాత్‌లోనే కాకుండా పచ్చిపాలలోనూ వేసి చూడు. జీనోమ్ ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడ పట్టుకోకపోతే లాభం లేదు.

మైక్రో_గుంటూరు:
ఇంటిగ్రేజ్ ప్రైమర్లు పక్క ల్యాబ్‌లో ఉన్నాయట, అడుగుతాను. పచ్చిపాలకి కొదవ లేదు. కానీ అందులో ముందే ఉన్న వేరే బ్యాక్టీరియా లెక్క చెడగొట్టదా?

బెజవాడ_ల్యాబ్:
స్టాఫ్‌ని వేరుగా చూపించే బెయిర్డ్ పార్కర్ ప్లేటు వాడు. చుట్టూ తేట వలయం ఉన్న నల్ల కాలనీలే లెక్కపెట్టు. ఫేజ్ వెయ్యని పాలు ఒక ట్యూబు, ఫేజ్ వేసిన కాచిన పాలు ఒక ట్యూబు పక్కనే పెట్టు, లేకపోతే వైవాలో మేడమ్ మొదటి ప్రశ్న అదే అవుతుంది.