సోనా మసూరి ఎన్ని బస్తాలు కొని పెట్టుకోవాలి? (డాలస్ వాళ్లు చెప్పండి)

ఫ్రిస్కో_కోడలు:
ఇండియా 2023 జులై 20న బియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త వచ్చిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. నిన్న ఆఫీసు అయ్యాక ఇండియన్ స్టోర్‌కి వెళ్తే బియ్యం పెట్టే వరసంతా ఖాళీ, మూల చిరిగిన బస్తా ఒక్కటి మిగిలింది, దానికి కాలు అడ్డం పెట్టి ఒకాయన ఫోన్లో "తీసుకోనా వద్దా త్వరగా చెప్పు" అని ఇంట్లోవాళ్లని అడుగుతున్నాడు. ఇంకో చోట ఉన్నాయి కానీ మొన్నటిదాకా 18 డాలర్లకి కొన్న 20 పౌండ్ల బస్తా 42 అన్నారు, అది కూడా ఇంటికి ఒకటేనట. మేమిద్దరం, పాప, వచ్చే నెల అత్తయ్యగారు మామయ్యగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు, మామయ్యగారికి రెండు పూటలా అన్నం పడాల్సిందే. మా ఆయన ఎక్కడ దొరికితే అక్కడ కొని ఓ పది బస్తాలు గ్యారేజ్‌లో పడేద్దాం అంటున్నారు. ఈ ఎండలకి గ్యారేజ్‌లో బియ్యం నిలవుంటాయా? లేకపోతే అత్తయ్యగారినే సూట్‌కేసులో కొంచెం తెమ్మంటే సరిపోతుందా?

బాపట్ల_బుల్లోడు:
సూట్‌కేసు సంగతి ముందు. వద్దండీ, అస్సలు తెమ్మనకండి. ఇండియా నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడానికి అమెరికాలో అనుమతి లేదు, ఖాప్రా బీటిల్ అనే ధాన్యం పురుగు భయం వల్ల. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, పెద్దవాళ్లకి అనవసరమైన టెన్షన్.

ఇక లెక్క. కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు బియ్యం సుమారు 150 గ్రాములు. మీ ఐదుగురికి పూటకి మూడు కప్పులు, రెండు పూటలు అంటే రోజుకి 900 గ్రాములు. 20 పౌండ్లంటే 9 కేజీలు, పది రోజులకి ఒక బస్తా. ఆ పది బస్తాలూ కష్టపడి పోగేసినా మూడు నెలల పైచిలుకే, ఆరు నెలలు ఎలాగూ రావు. దానికోసం ఇప్పుడు రెట్టింపు ధర పెట్టడం ఎందుకు? నెలకి సరిపడా మూడు బస్తాలు ఉంచుకుని, అయిపోతున్నప్పుడు ఒక్కొక్కటి తెచ్చుకోండి.

ఆపింది కూడా అన్ని బియ్యాన్నీ కాదు. బాస్మతి కాని తెల్ల బియ్యం మాత్రమే. మొత్తం మన బియ్యం ఎగుమతుల్లో అది పావు వంతు అని ప్రభుత్వమే చెప్పింది. బాస్మతికి అడ్డు లేదు, ఉప్పుడు బియ్యానికీ లేదు, కాబట్టి ఇడ్లీ బియ్యం కోసం కంగారు పడేవాళ్లు కాస్త ఆగొచ్చు. దేశంలో చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని, అది తగ్గించడానికని ఆపారు. అంతేగానీ గోదాముల్లో గింజ లేక కాదు.

అన్నమే_దైవం:
పావు వంతే అని భలే తేలిగ్గా చెప్పారు బ్రో, మనం తినేది ఆ పావులోనే కదా! సోనా మసూరి, కర్నూలు బియ్యం, అన్నీ అందులోవే. ఇది ఎప్పుడు ఎత్తేస్తారో ఎవరికీ తెలీదు, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, ఏ ప్రభుత్వమైనా ఆలోపు ధరలు పెరగనిస్తుందా? నేనైతే ఆరు బస్తాలు కొన్నాను, సిగ్గేమీ లేదు. మా నాన్నగారికి బాస్మతి పెడితే "బిర్యానీ లేకుండా బిర్యానీ అన్నం ఏంట్రా" అంటారు.

కౌంటర్_వెనకాల:
నేను చదువుకుంటూ ఒక స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నా, ఏ స్టోరో చెప్పను. అన్నా, ఆరు బస్తాలు కొన్నది నువ్వొక్కడివే అయితే ఏ గొడవా లేదు. శనివారం మా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ అదే మాట మీద ఉన్నారు. భార్య ఒక లైన్లో, భర్త ఇంకో లైన్లో, బిల్లింగ్ దగ్గర ఒకరినొకరు తెలియనట్టు నటించడం, వెనకాల పిల్లాడు "డాడీ" అని పిలవడం... ఇంటికొకటే అని బోర్డు పెట్టింది అందుకే. నెలరోజుల సరుకు రెండు రోజుల్లో పోతే అరలన్నీ ఖాళీ అవవా మరి.

నోటిఫికేషన్ వచ్చేలోపే ఓడలో లోడింగ్ మొదలైన సరుకుకి మినహాయింపు ఉంది, సముద్రం మీద ఉన్నవి వస్తూనే ఉంటాయి. కాబట్టి రేపే అంతా మాయమైపోదు. ధర మాత్రం పాత చోటికి ఇప్పట్లో రాదు, అది నిజం.

గుంటూరు_పిన్ని:
అమ్మాయ్, ఎన్ని కొంటావో నీ ఇష్టం, గ్యారేజ్ మాత్రం వద్దు. ఆ వేడికి ముక్కపురుగు ఇట్టే పెరిగిపోతుంది. గుడ్డు గింజ లోపలే ఉంటుంది, కొన్న రోజు కనపడదు, నెల తిరిగాక బస్తా విప్పితే నల్లగా పాకుతుంటాయి. బియ్యాన్ని చిన్న కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచు, గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక వెంటనే విప్పకు, చల్లదనం పోయేదాకా మూత కదపొద్దు, లేకపోతే చెమ్మ పట్టి బూజొస్తుంది. తర్వాత గట్టి మూత ఉన్న బకెట్లో పోసి ఇంట్లో క్లోజెట్‌లో పెట్టుకో. ఐదు గ్యాలన్ల బకెట్లో ఒకటిన్నర బస్తా పైనే పడుతుంది.

పురుగు పట్టిందని ఎండలో పొయ్యకు, గింజ పగిలి సగం నూకవుతుంది. నీడలోనే ఆరబెట్టి చెరుగు. మన అమ్మలు బోరిక్ పౌడర్ కలిపేవాళ్లు, పసిపిల్ల ఉన్న ఇంట్లో అది వద్దు. బ్రౌన్ రైస్ ఎక్కువ కొనకు, తవుడులో నూనె ఉంటుంది కదా, కొన్ని నెలలకే కమురు వాసనొస్తుంది.

ఫ్రిస్కో_కోడలు:
థాంక్యూ పిన్నిగారూ. పది నుంచి మూడుకి దింపాను మా ఆయన్ని, యుద్ధమే జరిగింది. థాయ్ జాస్మిన్ ఎవరైనా రోజూ తింటున్నారా, పప్పులోకి ఎలా ఉంటుంది?

బాపట్ల_బుల్లోడు:
కొంచెం ముద్దగా వస్తుంది, నీళ్లు తగ్గించి పెట్టండి. పెరుగన్నానికి బాగుంటుంది, పప్పులోకి ఓకే. రసంలోకి మాత్రం నాకు నచ్చలేదు.

అన్నమే_దైవం (2024 నవంబర్):
ఈ థ్రెడ్ ఎవరో మళ్లీ పైకి తెచ్చారు కాబట్టి. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం వేశారు. తెల్ల బియ్యం మీద నిషేధం ఈ ఏడాది సెప్టెంబర్ 28న ఎత్తేశారు, టన్నుకి 490 డాలర్ల కనీస ధర పెట్టి, అక్టోబరులో ఆ షరతూ తీసేశారు. ఎన్నికలయ్యాకే అని నేను చెప్పానా లేదా!

నా దగ్గర పాతవి ఇంకా ఒక బస్తా ఉన్నాయి, పులిహోరకి అద్భుతంగా వస్తున్నాయి, ఏ గింజకి ఆ గింజ. మీ దగ్గర అప్పటివి మిగిలుంటే విప్పి చూడండి, గింజలు ఒకదానికొకటి సాలెగూడు లాంటి దారాలతో అంటుకుని ఉంటే కడిగి వాడదామని చూడకుండా పారేయండి.