అమ్మానాన్నలతో ఐర్లండ్ పల్లెలో వారం: ఎక్కడ ఇల్లు తీసుకోవాలి?

ప్రశ్న (డబ్లిన్ నుంచి):
జూన్‌లో అమ్మా నాన్నా గుంటూరు నుంచి విజిట్ వీసా మీద వస్తున్నారు. ఓ వారం ఏదైనా పల్లెటూళ్ళో ఇల్లు తీసుకుని, అక్కణ్ణుంచే రోజుకో చోటు చూపిద్దామని ఉంది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అమ్మ బయటి తిండి ముట్టదు. కారుంది గానీ ఇప్పటిదాకా నేను నడిపిందంతా డబ్లిన్ చుట్టూ ఉన్న పెద్ద హైవే ఎమ్50 మీదే. అందరూ కిలార్నీ అంటున్నారు, నాకేమో వాయవ్య మూల ఉన్న డోనెగాల్ మీద మనసు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గాల్వే నుంచి:
కిలార్నీ పల్లె కాదు తమ్ముడూ, జూన్‌లో అక్కడ తిరనాళ్ళే. అక్కణ్ణుంచి అందరూ చుట్టి వచ్చే రోడ్డు రింగ్ ఆఫ్ కెర్రీ 179 కిలోమీటర్లు. ఒక్కరోజులో చుట్టేద్దామంటే నాన్నగారు కారు దిగేది టాయిలెట్ కోసమే.

నా ఓటు క్లేర్ కౌంటీలో బాలీవాన్‌కి. గాల్వే అఖాతం ఒడ్డున చిన్న ఊరు, గాల్వే నుంచి గంట. వెనకాలంతా బరెన్ కొండలు. మన బేతంచర్ల నాపరాళ్ళు కొండ నిండా పరిచి వదిలేసినట్టుంటుంది. ఇదీ సున్నపురాయే. ఆ నెర్రెల్లోంచి పూలు. నీలం జెన్షియన్లు మేలోనే ఎక్కువ, జూన్‌లో ముదురు గులాబీ రంగు క్రేన్స్‌బిల్ కనబడుతుంది. అక్కడి రైతులు పశువుల్ని కొండ మీదికి తోలేది చలికాలంలో. ముదురు గడ్డంతా అవి మేసేస్తాయి గనక వసంతంలో పూలమొక్కలకి వెలుతురు అందుతుంది.

మోకాళ్ళ సంగతి. పౌల్నబ్రోన్ రాతి సమాధి అయిదున్నర వేల ఏళ్ళ పైబడినది. ఆర్480 రోడ్డు పక్కనే కారు ఆపుకుని నాలుగడుగులు వేస్తే చాలు. రాళ్ళ మధ్య సందుల్లో కాలు పడకుండా చెయ్యి పట్టుకోండి. న్యూ క్వే దగ్గర ఫ్లాగీ షోర్ ఇంకా సుఖం, సముద్రం పక్కనే చదునైన రోడ్డు మీద నడక. మోహర్ కొండచరియలకి మాత్రం సాయంత్రం వెళ్ళండి. డబ్లిన్ నుంచి వచ్చే టూరు బస్సులు అప్పటికి తిరుగుముఖం పడతాయి. జూన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పది అవుతుంది, తొందరేం లేదు.

కార్క్ నుంచి:
నిశ్శబ్దమే కావాలంటే నైరుతి మూల బేరా ద్వీపకల్పాన్ని మించింది లేదండీ. అక్కడ కొండల్లోంచి పోయే టిమ్ హీలీ పాస్ రోడ్డు ఎంత సన్నమంటే పెద్ద టూరు బస్సులు అటు రావు. బాలీవాన్‌లో వేసవిలో కాస్త సందడి ఉంటుంది.

గాల్వే నుంచి:
నిజమేనన్నా, అందం దగ్గర బేరాదే పైచేయి. కానీ డబ్లిన్ నుంచి అయిదు గంటల దాకా పడుతుంది. పైగా ఎమ్50 తప్ప ఎరగనివాణ్ణి మొదటిసారే ఆ మలుపుల్లోకి దింపడమా!

లిమరిక్ నుంచి:
డోనెగాల్ గురించి ఒక్క మాట. డబ్లిన్ నుంచి మ్యాప్ చూపించే దగ్గరి దారి ఒమా మీదుగానో, ఎనిస్కిలెన్ మీదుగానో పోతుంది. అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. సరిహద్దులో ఆపేవాళ్ళు లేరు, బోర్డు కూడా సరిగ్గా కనబడదు, అయినా వీసా నియమం నియమమే. మీ అమ్మానాన్నల వీసా మీద బీఐవీఎస్ (ఒకే వీసాతో ఐర్లండ్, యూకే రెండూ తిరగనిచ్చే పథకం) అని ఉందేమో చూడండి. లేకపోతే స్లైగో మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి.

ప్రశ్న (డబ్లిన్ నుంచి):
ఆ సంగతి తెలీదు, బతికించారు! అయితే బాలీవానే. ఇల్లు ఊళ్ళో తీసుకోవాలా, పొలాల మధ్యనా? ఫొటోల్లో పొలాల మధ్యవే బావున్నాయి.

గాల్వే నుంచి:
ఊరికి నడిచి వెళ్ళేంత దూరంలో తీసుకో. పొలాల మధ్య ఇల్లు ఫొటోకి బావుంటుంది, పాలు అయిపోయినప్పుడు తెలుస్తుంది. నువ్వు కారు తియ్యకపోతే వాళ్ళిద్దరూ ఇంట్లో బందీలే. ఊళ్ళో అయితే నాన్నగారు పొద్దున్నే రేవు దాకా వెళ్ళొస్తారు. బియ్యం, పప్పు, కరివేపాకు డబ్లిన్‌లోనే కొని కార్లో వేసుకో.

బుక్ చేసేముందు ఎయిర్‌కోడ్ అడుగు. అక్కడ చాలా ఇళ్ళకి నంబరుండదు, ఆ ఏడక్షరాల కోడ్ కొడితేనే మ్యాప్ సరిగ్గా గుమ్మం ముందు దింపుతుంది. ఇంకోటి, పాత ఇళ్ళల్లో వేడినీళ్ళకి ఇమ్మర్షన్ స్విచ్ ఉంటుంది. దాని మీద సింక్, బాత్ అని రెండు గుర్తులు. స్నానాలకి బాత్ వైపు పెట్టి, తర్వాత ఆపెయ్యడం మర్చిపోకు.

రోడ్లకి భయపడకు. చిన్న లోకల్ రోడ్ల మీద 2025 ఫిబ్రవరి నుంచి వేగ పరిమితి గంటకి 60 కిలోమీటర్లు. మధ్యలో గడ్డి మొలిచిన సందులో ఎదురుగా ట్రాక్టరొస్తే, వెడల్పున్న చోటు ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి తియ్యాలి. అవతలాయన స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాడు. అది పలకరింపు, నువ్వూ లేపు.

ప్రశ్న (డబ్లిన్ నుంచి):
థాంక్స్ అన్నా. అమ్మ తన ఇడ్లీపాత్ర తెస్తానంటోంది, తెమ్మననా?

లిమరిక్ నుంచి:
ముందు ఇంటివాళ్ళని స్టవ్ ఏ రకమో అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం పాత్ర వేడెక్కదు. అడుగు అయస్కాంతానికి అంటుకునే స్టీలు పాత్రైతే తెమ్మనండి.